వద్దన్నా తెచ్చుకున్న చెయ్యి

వేషం ఒప్పుకునే ముందు నేను కథ మొత్తం వినను. దర్శకులకు ఇది చిరాకు. గంటల తరబడి చెప్పడానికి సిద్ధపడి వస్తారు. నేను మధ్యలో ఆపి, ఈ మనిషి ఊరికే కూర్చున్నప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకుంటాడని అడుగుతాను. చాలామంది దగ్గర జవాబు ఉండదు. ఉండనక్కర్లేదు కూడా. వెతుక్కోవలసింది నేనే. రెండు మూడు రోజులు ఆలోచించి, నాకు తెలిసిన మనుషుల్లో ఎవరి చేతులు ఈ వేషానికి సరిపోతాయో తడితే ఒప్పుకుంటాను. తట్టకపోతే వద్దంటాను.

ముఖంతో నటించడం నాకు చేతకాదు. నాది కరువు సీమ మొహం. సంతోషమైనా దుఃఖమైనా దాని మీద ఒకేలా కనిపిస్తాయి. అందుకని మొదటి నుంచీ చేతుల్ని నమ్ముకున్నాను. కళ్యాణదుర్గం బస్సులో ఒక కండక్టరు నోట్లను నిలువుగా మడిచి వేళ్ళ సందుల్లో పెట్టుకుని, చిల్లర అడిగినవాడి వైపు ఆ నోట్ల అంచులనే వేలులా చూపించేవాడు. దాన్ని ఒక రౌడీ వేషానికి వాడాను. ఒక మండలాఫీసులో గుమాస్తా 'కుదరదు' అనే ముందు ముద్ర వేసే ప్యాడ్ మూత నెమ్మదిగా మూసేవాడు. అది ఇన్‌స్పెక్టరు వేషానికి పనికొచ్చింది. గుత్తిలో మాంసం కొట్టు భాయ్ ఒకాయన, ఆడవాళ్ళు కొట్టు ముందుకు వస్తే కత్తిని మోచేతికి తుడిచి వెనక్కి దాచి అప్పుడు పలకరించేవాడు. చాలా మెత్తని మనిషి. ఆ పని ఆయన మర్యాద కొద్దీ చేసేవాడు. నేను దాన్ని ఒక ముఠా నాయకుడికి పెట్టాను. జనం భయపడ్డారని, బాగా మెచ్చుకున్నారని చెప్పారు. ఆయన మర్యాదను తీసుకుని దాంతో భయం పుట్టించాను. అది తప్పేమోనన్న అనుమానం కూడా అప్పట్లో నాకు రాలేదు.

వీళ్ళెవరినీ నేను అడగలేదు. అడగాలని తెలియక కాదు. ఒకసారి నాకు తప్పుడు పాఠం అబ్బింది. కాలేజీలో ఉన్నప్పుడు ఒక నాటకంలో ముసలి రైతు వేషం వేశాను. మా నాయన విత్తనానికి ఉంచిన వేరుశెనగ కాయను చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, చప్పుడు విని, పక్కన పెట్టేవాడు. స్టేజీ మీద అదే చేశాను. నాటకం అయ్యాక నాయన వెనక్కి వచ్చి నవ్వుతూ, 'నన్నే చేసినావు గదరా' అన్నాడు. ఆ తర్వాత మా ఊళ్ళో కనబడిన వాళ్ళందరికీ, మావాడు నన్ను చేసినాడు అని చెప్పుకున్నాడు. మనుషుల్ని తీసుకుపోయి పది మందికి చూపిస్తే వాళ్ళు సంతోషిస్తారని నేను అనుకున్నది అక్కడే. నాయన నా నాయన కాబట్టి నవ్వాడని అర్థమయ్యేసరికి నాకు నలభై ఆరేళ్ళు వచ్చాయి.

చేనేత మనిషి వేషం వచ్చినప్పుడు నేను నా నియమం తప్పాను. అది చిన్న సినిమా, కానీ మొదటి నుంచి చివరి దాకా ఆ మనిషి కథే. అప్పటి దాకా నాకు దొరికినవన్నీ పావుగంట వేషాలు. హైదరాబాదు నుంచి వచ్చిన కుర్ర దర్శకుడు, సీమ మాట మాట్లాడే ముఖమే కావాలని నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. మగ్గం మనిషి చేతులు నా దగ్గర లేవు. మాది మెట్ట సేద్యం చేసిన కుటుంబం. నా లెక్క ప్రకారం వద్దనాలి. ఒప్పేసుకుని, ఆ తర్వాత చేతులు వెతకడానికి ధర్మవరం బస్సెక్కాను.

తెలిసినవాళ్ళ ద్వారా ఒక ఇంటికి చేరాను. ఆయనకు అరవైకి దగ్గర. భార్యాభర్తలిద్దరే. ఒక్కగానొక్క కూతురు పెళ్ళయి వేరే ఊళ్ళో ఉంది. ముందు గదిలో గుంత మగ్గం. గుంతలోకి కాళ్ళు దించి కూర్చుని, కాళ్ళతో తొక్కుతూ చేతులతో నేసే మగ్గం అది. ఆయన నేసేది పెళ్ళిపట్టు, బరువైన జరీ అంచు చీరలు. పట్టూ జరీ షావుకారువి. చీరకు నిలువు పోగులు సరిచేసి చుట్టిన వార్పును షావుకారు ఇస్తే, ఈయన చీరలు నేసి ఇచ్చి కూలి తీసుకుంటాడు. వార్పు రాకపోతే పని లేదు. ఆయన తండ్రి కూడా మాలాగే మెట్ట రైతేనట. పంట మీద పంట పోతుంటే కొడుకును మేనమామ ఇంట మగ్గం దగ్గర కూర్చోబెట్టాడు. నీడ పట్టున పని, వానతో నిమిత్తం లేదు అని ఆయన చాలాసార్లు అన్నాడు. అలా అన్నప్పుడల్లా గుమ్మంలోంచి ఆకాశం వైపు ఒకసారి చూసేవాడు.

ఇరవై రోజులు ఆ ఇంటికి వెళ్ళాను. ఆయన్ని అన్నా అని, ఆమెను వదినా అని పిలిచాను. మొదటి వారం నన్ను చూసి ఇద్దరూ నవ్వుకోవడమే సరిపోయింది.

'నీ కాళ్ళు ఒక ఊరికి పోతాండాయి, చేతులు ఇంకో ఊరికి పోతాండాయి. రెండూ యాడ కలుస్తాయప్పా?' అనేవాడు ఆయన.

గుంతలోంచి లేచి నేను నడుము పట్టుకుంటే, రాట్నం మీద కండెలు చుడుతున్న వదిన తల ఎత్తకుండానే, సినిమావాళ్ళకు కూడా నడుములుంటాయని ఇప్పుడే తెలిసిందని అనేది. మధ్యాహ్నం నాకూ కలిపే సంగటి ముద్ద చేసేది. డబ్బు ఇవ్వబోతే ఇద్దరూ కోప్పడ్డారు. ఇంటికి వచ్చిన మనిషి దగ్గర దుడ్లు తీసుకునే కాలం తమకింకా రాలేదన్నారు.

నేను చూడవలసినవన్నీ చూశాను. మగ్గం ఎక్కే ముందు ఆయన కట్టెకు కుంకుమ పెట్టి కళ్ళకు అద్దుకునేవాడు. తెగిన పట్టు పోగును చిటికెడు బూడిద అద్ది, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నులిమి అతికేవాడు. బీడీ తాగాలంటే వీధి చివరి దాకా వెళ్ళేవాడు, పట్టుకు వాసన పడుతుందని. ఇవన్నీ నోటుపుస్తకంలో రాసుకున్నాను. పదో రోజో పదకొండో రోజో ఇంకొకటి కూడా చూశాను.

పని ఆపినప్పుడల్లా ఆయన కుడిచేతిని తొడ కింద పెట్టుకుని కూర్చునేవాడు. మొదట అలవాటనుకున్నాను. షావుకారు మనిషి నేత చూడటానికి వచ్చినప్పుడు వదిన టీ తెస్తే, ఆయన ఇప్పుడే తాగానని గ్లాసు పక్కన పెట్టేశాడు. తాగలేదని నాకు తెలుసు, నేను పొద్దుటి నుంచీ అక్కడే ఉన్నాను. ఆ మనిషి వెళ్ళాక చెయ్యి బయటికి తీశాడు. బొటనవేలూ చూపుడువేలూ ఏదో పోగును నులుముతున్నట్టు వాటంతట అవే ఆడుతున్నాయి. ఆయన వాటివైపు చూడలేదు. అడ్డపోగు నడిపే నాడె అందుకున్నాడు. నాడె చేతికి రాగానే వణుకు ఆగిపోయింది.

నేను కళ్ళు తిప్పుకోలేకపోయాను. ఈ మాట చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ చెప్పాలి. ఆ క్షణంలో నాకు జాలి కలగలేదు. దొరికింది అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం వదిన నీళ్ళ ట్యాంకరు దగ్గరికి బిందెలు తీసుకుని వెళ్ళింది. ఆయన మగ్గం ఆపి నావైపు తిరిగాడు.

'చూసినావు గదా?'

'చూసినా అన్నా.'

'పనిలో ఉంటే అది నా మాట వింటాది. ఊరకే ఉంటేనే దానికి తిక్క రేగేది. రెండేండ్లాయ.' గుమ్మం వైపు ఒకసారి చూశాడు. 'దీని సంగతి నాకూ మీ వదినకే తెలుసు. ఇప్పుడు నీకు. షావుకారు చెవిలో పడితే ఈ ఇంటికి వార్పు రాదు. లక్ష రూపాయల పట్టు వణికే చేతికి ఎవురిస్తారప్పా? నేనైనా ఇయ్యను.'

డాక్టరుకు చూపించారా అని అడిగాను. చూపించారట. మందు వేసుకుంటే నిద్ర వస్తోందని, నిద్రపోతే పని సాగదని పొద్దుటి మాత్ర మానేశాడట. తర్వాత ఆయన అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

'నువ్వు వచ్చిందెందుకో నాకు తెలుసు. నా నడక ఎత్తుకో, నా దగ్గు ఎత్తుకో, నేను బీడీ పట్టుకునేది ఎత్తుకో. ఇది మాత్రం వద్దప్పా. మగ్గం ముట్టి చెప్పు.'

వాళ్ళింట్లో దేవుడి పటాలు ఒక గూట్లో ఉండేవి. ప్రమాణానికి మాత్రం మగ్గమే. కుంకుమ పెట్టిన కట్టె మీద చెయ్యి పెట్టి, చేయను అన్నా అని చెప్పాను. ఆ మాట అన్నప్పుడు నాకు అబద్ధం ఆడుతున్నానన్న ఊహ లేదు. నిజంగానే చేయకూడదని అనుకున్నాను. నా నోటుపుస్తకంలో ఆ పేజీని మాత్రం చింపలేదు.

షూటింగు చిలమత్తూరు దగ్గర ఒక ఊళ్ళో, అద్దెకు తీసుకున్న ఇంట్లో మగ్గం దించి చేశారు. అన్నీ బాగా వచ్చాయి. పోగు అతికితే సెట్టు మీద అందరూ ఆగి చూసేవాళ్ళు. మిగిలింది ఒక సన్నివేశం. షావుకారు వచ్చి, నేసిన చీరలో లోపం ఉందని తిప్పి పంపుతాడు. నేత మనిషి ఒక్క మాట అనకుండా కూర్చుని వినాలి. మాట లేదు, లేవడం లేదు. మొహం మీదే నడవాలి. నా మొహం సంగతి చెప్పానుగా.

అయిదుసార్లు తీశారు. ప్రతిసారీ దర్శకుడు బాగుంది అంటాడు, మళ్ళీ చేద్దామంటాడు. పొద్దు వాలుతోంది. లైటు పోతే మర్నాటికి ఇల్లు మాది కాదు. ఆరోసారి నా కుడిచెయ్యి తొడ కిందికి పోయింది.

అది దానంతట అదే పోయిందని చాలాకాలం అందరికీ చెప్పాను. నటుడు పాత్రలో మునిగిపోతే శరీరమే పని చేస్తుందని ఒకచోట కూడా అన్నాను. అబద్ధం. మూడోసారికే అది నాకు తట్టింది. నాలుగోసారీ అయిదోసారీ దాన్ని ఆపుకున్నాను. ఆపుకుంటున్నంతసేపూ నా దగ్గర మంచి వస్తువు ఉందన్న ధీమాతో ఉన్నాను. ఆరోసారి తీసి వాడాను. దర్శకుడు కెమెరా దగ్గర నుంచి వంగి వచ్చి, ఆ చెయ్యి ఒక్కటే దగ్గర నుంచి తీద్దామన్నాడు. అప్పుడైనా ఆగొచ్చు. తొడను కొంచెం ఎత్తి, వేళ్ళు రెండూ బయటికి కనిపించేటట్టు పెట్టి ఆడించాను. ఆయన దాచుకున్నది నేను కెమెరాకు చూపించాను. సెట్టు మీద చప్పట్లు కొట్టారు. కెమెరా కుర్రవాడు కళ్ళు తుడుచుకున్నాడు.

ఇంకొక అవకాశం కూడా వచ్చింది. డబ్బింగులో ఆ సన్నివేశం చూశాను. దర్శకుడు నా మాట వినే మనిషి. తీసేద్దాం, ఒకరికి మాట ఇచ్చానని చెప్పి ఉంటే తీసేసేవాడు. నేను అన్నది వేరు. అక్కడ మగ్గాల చప్పుడు తగ్గిస్తే బాగుంటుందన్నాను. తగ్గించారు. ఇప్పుడు ఆ చోట నిశ్శబ్దంలో రెండు వేళ్ళు మాత్రమే కనిపిస్తాయి.

సినిమా హాళ్ళలో పెద్దగా ఆడలేదు. ఫోన్లలోకి వచ్చాక మాత్రం జనం బాగా చూశారు. ఆ చేతి గురించి రాయనివాళ్ళు లేరు. ఒక ఇంటర్వ్యూలో ఎలా సిద్ధపడ్డారని ఒక అమ్మాయి అడిగింది. ధర్మవరంలో ఒక నేతన్న ఇంట్లో ఇరవై రోజులు ఉన్నానని, ఈ పాత్రలో ఉన్నదంతా ఆయనదేనని చెప్పాను. ఆయనకు గౌరవం ఇస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. పేరు చెప్పలేదు. కానీ ఇరవై రోజులు నేను ఎవరి గడప తొక్కానో ఆ వీధి మొత్తానికీ తెలుసు.

నాకు ఒక అవార్డు వచ్చింది. మిఠాయి డబ్బా, శాలువా తీసుకుని ఆ ఇంటికి వెళ్ళాను. సినిమా వచ్చి అప్పటికి ఏడెనిమిది నెలలు. మధ్యలో రెండుసార్లు ఫోను చేశాను, ఎత్తలేదు. పనిలో ఉన్నాడనుకున్నాను.

తలుపు తీసింది వదిన. లోపలికి రమ్మంది. ముందు గదిలో మగ్గం లేదు. గుంత పూడ్చి సిమెంటు వేశారు. పాత నేల నలుపు, కొత్త చదరం బూడిద రంగు. దాని మీద ఇనప మంచం వేసి ఉంది. నన్ను ఆ మంచం మీదే కూర్చోమంది. కూర్చోలేక గోడ దగ్గర నిలబడ్డాను. పెరట్లో మగ్గం కట్టెలు టార్పాలిన్ కప్పి ఉన్నాయి. వంటచెరకు కింద అడిగారట, ఆయన ఇవ్వలేదట.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. కండెలు చుట్టినంత నిదానంగా జరిగింది చెప్పింది. వీధిలో అందరూ సినిమా చూసిన పదిరోజులకు షావుకారే స్వయంగా వచ్చాడట. ఎప్పుడూ రాని మనిషి. చేతులు కట్టుకుని మగ్గం ముందు కాసేపు నిలబడి, టీ పెట్టమ్మా అన్నాడట. ఈమె రెండు గ్లాసులు తెస్తే, ఒకటి తనే తీసుకుని ఆయన చేతికి ఇచ్చాడట.

'ఇప్పుడే తాగినానన్నాడు మీ అన్న. ఫర్వాలేదు తాగప్పా, చల్లారిపోతాది అన్నాడు షావుకారు. తీసుకోక ఏం చేస్తాడు? తాగినాడు. సగం అంగీ మీదనే.'

షావుకారు తన గ్లాసు ఖాళీ చేసి, మగ్గం మీదున్న చీర పూర్తయ్యాక చెప్పి పంపమని వెళ్ళాడట. చీర పూర్తయింది. మచ్చ లేదు, పోగు తప్పలేదు. కొత్త వార్పు రాలేదు. ఇంకో ఇద్దరు షావుకార్ల దగ్గరికి వెళ్ళారు. ఇద్దరూ ఆయన మొహం చూడకుండా చేతులే చూశారట. ఇప్పుడు ఊరి బయట ఒక నూనె మిల్లు గేటు దగ్గర కాపలా కూర్చుంటున్నాడు. గేటు తీయడం, లారీల నంబర్లు కేకేయడం. రాయడం ఇంకొకతను చూసుకుంటాడు.

మిఠాయి డబ్బా నా చేతిలోనే ఉంది. ఆమె దానివైపు చూసి, 'నీకు మంచి పేరొచ్చినాదంట గదా' అంది. ఎత్తిపొడుపులా లేదు. అందుకే తట్టుకోలేకపోయాను.

ఆ రోజు నేను నేరుగా మిల్లుకు వెళ్ళి ఆయన కాళ్ళ మీద పడి ఉండాల్సింది. వెళ్ళలేదు. ఆయన ముందుకు పోవడానికి భయం వేసింది. ఏదైనా సరిచేసి అప్పుడు పోదామనుకున్నాను. షావుకారు అంగడికి వెళ్ళాను. దారిలో నేను చేసిన పని చెప్తాను. నేను ఏం మాట్లాడాలో, ఎక్కడ ఆగాలో, ఎక్కడ నవ్వాలో వేషానికి సిద్ధపడినట్టే సిద్ధపడ్డాను.

షావుకారు నాకంటే చిన్నవాడు. నన్ను గుర్తుపట్టి కూర్చోమన్నాడు, పనివాళ్ళను పిలిచి చూపించాడు. నేను నవ్వుతూ, సినిమాలో ఆ చెయ్యి మా నాయనది అన్నాను. మా నాయనకు చివరి రోజుల్లో అలా వణికేదని, అన్నకూ దానికీ సంబంధం లేదని, టీ ఒలికింది మీరు ఎదురుగా నిలబడిన కంగారులో అయి ఉంటుందని చెప్పాను. మా నాయన చేతులు చనిపోయే దాకా రాయిలా ఉండేవి. ఒక అబద్ధం కోసం చనిపోయిన మనిషి చేతుల్ని కూడా వణికించాను. బాగా చేశాననే అనుకుంటున్నాను. పనివాళ్ళలో ఒకతను అయ్యో అన్నాడు.

షావుకారు అంతా విన్నాడు. చెడ్డ మనిషి కాదు. కౌంటరు మీద ఉన్న పట్టుచీర మడత సరిచేస్తూ, నాకు ఆయన మీద కోపం లేదన్నా, ముప్ఫై ఏండ్లుగా మా అంగడికి నేసిన మనిషి ఆయన, అన్నాడు. పెండ్లివాళ్ళ చీర పాడైతే ఇంకొకటి నేసేదానికి ముహూర్తం ఆగదన్నాడు. తర్వాత మెల్లగా, 'నువ్వు చెప్పినట్టే అయితే ఆయన్నే వచ్చి చెప్పమను. ఈడ కూర్చుని టీ తాగిపోతాడు, అంతే గదా' అన్నాడు.

నేను అక్కడి నుంచి లేచి వచ్చాను.

మిల్లు గేటు దగ్గరికి చేరేసరికి సాయంత్రం నాలుగు దాటింది. ఆయన ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నీలం రంగు కాపలా అంగీ భుజాల మీద వదులుగా వేలాడుతోంది. నన్ను చూసి లేవలేదు. అంగట్లో నేను మాట్లాడింది అప్పటికే ఆయనకు చేరింది. అంగడి పనివాళ్ళలో ఒకతను ఆయన వీధివాడే, ఫోను చేసి చెప్పాడట. నేను నిలబడే, తప్పయిపోయింది అన్నా అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. ఆయన ఒక లారీకి గేటు తీసి, వేసి, వచ్చి కూర్చున్నాడు.

'నా చెయ్యి వణుకుతాదని నేను ఎవురికీ చెప్పలా. వణకదని కూడా నేను ఎవురికీ చెప్పలా. రెండూ నువ్వే చెప్పినావు. నా నోరు యాడికి పోయిందప్పా?'

నేను ఏం చేస్తే బాగుంటుందో చెప్పమన్నాను. డాక్టరు దగ్గరికి బెంగుళూరు తీసుకుపోతానన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

'మగ్గం ముట్టి చెప్పినావు. అది నన్ను ముట్టి చెప్పినట్టు కాదు. నన్ను ముట్టి చెప్పింటే నేనూ నువ్వూ చూసుకుంటుంటిమి. మగ్గానికి ఏం చెప్పుకుంటావు? పో నాయనా. లారీలు వస్తాండాయి.'

నాయనా అని పిలిచాడు. నన్ను కోప్పడి ఉంటే ఇంటికి తేలిగ్గా వెళ్ళి ఉండేవాణ్ణి.

ఆ తర్వాత నేను వేషాలు ఒప్పుకునే తీరు మారింది. మారిందని గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఇప్పుడు ఎవరి దగ్గరైనా ఏదైనా కనిపిస్తే వెళ్ళి అడుగుతాను. అయ్యా, మీరు ఇలా చేస్తారు, దీన్ని నేను వేషానికి వాడుకోవచ్చా అని. చాలామంది భయపడతారు. కొందరు తాము అలా చేస్తామని తెలియక సిగ్గుపడి, ఆ రోజు నుంచి మానేస్తారు. ఒక ఆటో అతను మాత్రం, నన్ను చేయన్నా అని రెండు గంటలు వదలకుండా వెంటపడ్డాడు. అతని దగ్గర నాకు కావలసింది ఏమీ దొరకలేదు. అడిగి తెచ్చుకున్న వాటిలో పాత పదును ఉండదు. పెట్టుబడి పెట్టేవాళ్ళకూ తెలుస్తుంది. వేషాలు తగ్గాయి. వచ్చినవాటిలో నేను బాగానే చేస్తున్నానని, ఆ నేతన్న పాత్ర స్థాయి మాత్రం కాదని అంటారు. నిజమే.

వదిన ఫోను చేస్తే ఎత్తుతుంది. ఆయన మందులు సరిగా వేసుకుంటున్నాడని, ఇప్పుడు నిద్ర వస్తే అడ్డేమీ లేదు కాబట్టి మానడం లేదని చెప్పింది. నాలుగైదు నెలలకొకసారి వెళ్తాను. మొదట్లో నేను వస్తే ఆయన వెనక గదిలోకి వెళ్ళిపోయేవాడు. తర్వాత తర్వాత అక్కడే కూర్చుని పేపరు చూసేవాడు. మిల్లు సంగతులు, కూతురు సంగతులు వదినకు చెప్తున్నట్టు చెప్పేవాడు. నేనూ వింటే వినొచ్చన్నట్టు ఉండేది.

ఇది రాశాక, ఎక్కడా ఇవ్వకముందే, కాగితాలు తీసుకుని మొన్న వెళ్ళాను. అన్నా, మన సంగతి రాశాను, వినిపిస్తాను, వద్దంటే ఇక్కడే చింపేస్తానన్నాను. చదవమన్నాడు. చదువుతున్నంతసేపూ కళ్ళు మూసుకుని ఉన్నాడు. వదిన వంటింటి గడప మీద కూర్చుని వింది. అంగట్లో నేను చెప్పిన అబద్ధం దగ్గర, మీ నాయన వింటే ఏమనుకుంటుండెనో అంది. కాగితం తిప్పి మిగతాది చదివాను.

అయ్యాక ఆయన రెండు విషయాలు తీసేయమన్నాడు. ఎందుకని నేను అడగలేదు. ఆయన ముందే పెన్నుతో కొట్టేశాను. కాగితం తీసుకుని, కొట్టేసిన చోట్లను వెలుతురుకు పట్టి, అక్షరం కనబడటం లేదని చూసుకుని తిరిగి ఇచ్చాడు.

'ఇంక రాసుకో. నేను నిన్ను మన్నించినానని మాత్రం రాయొద్దు. ఆ మాట నేనింకా అనలా.'

రాయను అన్నా అన్నాను. మగ్గం లేదు కాబట్టి దేన్నీ ముట్టుకోలేదు. ఆయనా అడగలేదు.

తీసేయమన్న ఆ రెండు విషయాలూ ఇందులో లేవు. అవి ఉంటే ఈ రాత ఇంకా బాగుండేది.